కల్తీ గులాబీలు

2006 నవంబరు 13

ఈ డైరీ విత్తనాల కంపెనీ వాళ్లది. ఆర్గనైజర్ మహేశ్వర్ ప్రతి ఏడాదీ విత్తనం కోసం సీడు పత్తి వేసే ఇళ్లకు ఒకటి ఇస్తాడు. అట్ట మీద పగిలిన పత్తికాయ. లోపల నెలకొక పురుగుల మందు బొమ్మ. ఇన్నాళ్లూ పప్పు డబ్బాకు మూతగా పనికొచ్చింది. ఇవాళ తుడిచి తీశాను. ఇందులో పత్తి గురించి మాత్రం రాయకూడదనుకున్నాను. మొదట్లోనే రాసేశాను. నా బతుకే అంత.

వైష్ణవి ఇవాళ బడికి పోయింది. దసరా సెలవులే కదా అని క్రాసింగ్‌కు తీసుకుపోయాం. సెలవులు అయిపోయినా చేను వదల్లేదు. ఏడో తరగతి పిల్ల. క్లాసులో లెక్కలు ఎక్కడికో పోయాయట. సారు తిట్టలేదట. సీడు పిల్లలు గింతే అని ఊరుకున్నాడట. తిట్టినా బాగుండేది.

క్రాసింగ్ అంటే పెద్ద విద్యేం కాదు. రేపు విచ్చబోయే పత్తిమొగ్గను సాయంత్రం పట్టుకోవాలి. దాని అడుగున బొటనవేలి గోరు దించి, రేకులూ పుప్పొడీ ఒక్క చుట్టుతో ఒలిచి పారేయాలి. నడిమి కాడ మిగలాలి. పొద్దున మగచెట్టు పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. రాస్తే నాలుగు ముక్కలు. చేస్తే నడుము మనది కాదు. చిన్నపిల్లల వేళ్లయితే మొగ్గ నలగదని అందరికీ నమ్మకం. నన్నూ ఎనిమిదో తరగతిలో ఆ మాట చెప్పే తీసుకుపోయారు. మళ్లీ బడికి పంపలేదు. నా పుస్తకాల సంచిలో మా నాయన పత్తి గింజలు పోసుకున్నాడు.

వైష్ణవి బొటనవేలు చూశాను. గోరు చుట్టూ నల్లగా జిగురు. కిరోసిన్‌తో తుడిచాను. పోలేదు.

నవంబరు 15

చీర కొనడానికి గద్వాల పోయాను. బస్టాండు దగ్గర తోపుడు బండి మీద గులాబీ మొక్కలు. నల్ల కవర్లలో ఒక్కో మొక్క, ఒక్కో దానికి ఒక్కో ఎర్ర పువ్వు. అంత ఎరుపు నేను చీరల దుకాణంలో కూడా చూడలేదు. చీర కొనలేదు. ఒళ్లో పట్టినన్ని మొక్కలు కొన్నాను. గట్టు పోయే బస్సులో కండక్టర్ వాటిని కింద పెట్టనివ్వలేదు. ముళ్లు గుచ్చుకుంటుండగానే ఊరు చేరాను.

అత్త చూసి, ఏందే నాగమణీ, పూలు కూర వండుతవా అంది. ఈ ఎర్రమట్టిల, ఈ ఎండలకు గులాబీ యాడ బత్కుతది అంది. మా అత్త జములమ్మ మంచిదే. ముందు కాదు అనేస్తుంది, తర్వాత సంగతి వింటుంది.

నవంబరు 16

బోరు పక్కన రాళ్ల చెక్క ఒకటుంది. పత్తికి పనికిరాదని వదిలేసిన నేల. గుంతలు తీసి, పెంట ఎరువు, వేపపిండి వేసి నాటాను.

అన్నాల దగ్గర చెప్పేశాను. వచ్చే ఏడాది వైష్ణవి క్రాసింగ్‌కు రాదు, చదువుకుంటుంది అని. ఆయన నవ్వాడు. మరి దాని కైకిలి పని ఎవరు చేస్తరు, నీ గులాబీలు చేస్తయా అన్నాడు. చేస్తయి, పూలమ్మి ఇంకో మనిషిని పెడత అన్నాను. కోపంలో వచ్చిన మాట. ఆయనకు పందెమంటే ప్రాణం. అయితే ఇను, మిరుగం దాకా అవి బతికుంటే పిల్ల బడికి, సచ్చినయంటే పిల్ల చేనికి, మల్ల ఏడ్వొద్దు అన్నాడు. అత్తను సాక్షి పెట్టాడు. సరే అన్నాను.

మిరుగం అంటే మృగశిర కార్తె, వచ్చేది జూన్‌లో. మధ్యలో పాలమూరు ఎండాకాలం మొత్తం ఉంది. ఆ సంగతి ఒప్పుకున్నాక గుర్తొచ్చింది.

ఆయన, ఆయన అని రాయడం విసుగ్గా ఉంది. పేరు దశరథం. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ నా నోరు మూసేది. రాశాను. గోడ అవతల గురక వినిపిస్తూనే ఉంది.

డిసెంబరు 29

మొదటి మొగ్గ. నాలుగు రోజులుగా నా కన్ను దాని మీదే. ఈ సాయంత్రం అంచున రేకు కొంచెం విడింది. రేపు పూస్తుంది. ఎంత మెత్తగా ఉందో చూద్దామని వేళ్ల మధ్య పట్టుకున్నాను.

అంతే. గోరు దిగింది. ఒక్క చుట్టు. రేకులన్నీ నా అరచేతిలో ఉన్నాయి. కొమ్మ మీద బోడి కాడ.

నేను చేయలేదు. బొటనవేలు చేసింది. ఇన్నేళ్లుగా సాయంత్రమైతే దానికి తెలిసిన పని అదొక్కటే. పత్తో గులాబీయో అది అడగలేదు.

వైష్ణవి నవ్వి నవ్వి కింద కూలబడింది. అత్త, ఇగ పొద్దుగాల మగపువ్వు దెచ్చి రుద్దు, కాయ గాస్తది అంది. నేనూ నవ్వాను. తర్వాత బోరు తొట్టి దగ్గరికి పోయి ఏడ్చాను. నా చేయి నా మాట వినదని తెలిస్తే ఏడుపు రాదా.

డిసెంబరు 30

బొటనవేలికి గుడ్డ చుట్టుకుని నీళ్లు పెట్టాను.

2007 ఫిబ్రవరి 6, మంగళవారం

కొత్త డైరీ. అట్ట మీద అదే పత్తికాయ.

గద్వాల పక్కనే జమ్మిచేడు జాతర. చీకటితోనే పూలు కోసి తడిగుడ్డలో చుట్టాను. ఆయన మోటార్ సైకిల్ మీద, ట్యాంకు మీద పూలబుట్ట పెట్టుకుని గద్వాల తీసుకుపోయాడు. దారిలో ఎవరో, ఏం దశరథం, పెండ్లికొడుకోలె పోతున్నవ్ అంటే మీసం దువ్వుకున్నాడు. ఆ క్షణంలో పందెం సంగతి మరిచిపోయి ఉంటాడు. నేను మరవలేదు.

బస్టాండు దగ్గర పూలమ్మే రుక్కమ్మ బుట్ట మొత్తం తీసుకుంది. శీతాకాలం ఎవరైనా ఇస్తరు బిడ్డా, ఎండల్ల ఇచ్చేటోళ్లు గావాలె నాకు అంది. ఇస్త అన్నాను. అంత ధీమా ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు.

మార్చి 19

ఎండ మొదలైంది. పువ్వు గుప్పెడంత ఉండేది, నిమ్మకాయంత అయింది. రేకు అంచులు మాడుతున్నాయి. ఆకు అడుగున ఎర్రనల్లి పురుగు. పత్తికి కొట్టే మందు ఉంది, రెండు మూతలు కలిపి కొట్టు అన్నాడాయన. కొట్టను అన్నాను. ఆ వాసన ఈ చెక్కలోకి రాకూడదు. ఆకులు తిరగేసి ఒక్కొక్కటీ నీళ్లతో కడిగాను. మొదళ్లకు వేరుశనగ పొట్టు పోశాను. పత్తికట్టెతో పందిరి వేశాను. వంటకు పనికొచ్చే కట్టెను పూలకు పెట్టిందని ఊళ్లో మాట. పెట్టాను. అయితే ఏంటి?

ఏప్రిల్ 11

బోరు సన్నబడింది. నీళ్లకన్నా గాలి ఎక్కువ వస్తోంది.

ఏప్రిల్ 24

అంట్లు తోమిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు, బట్టలు జాడించిన చివరి నీళ్లు. ఏదీ మోరీలోకి పోనివ్వడం లేదు. బిందె చంకన పెట్టుకుని పోతుంటే, నాగమణి బిడ్డలకు పాలియ్యనీకె పోతున్నది అని నవ్వుతారు. నవ్వితే నీళ్లు ఆవిరైపోవు కదా. నవ్వనీ.

ఇవాళ ఒకటి చూశాను. అత్త స్నానానికి తొట్టిలో కూర్చుని, ఆ నీళ్లను చెంబుతో బకెట్‌లోకి ఎత్తుకుంది. అటూ ఇటూ చూసి బోరు వైపు పోయింది. నేను తలుపు చాటున ఉన్నాను. తిరిగొచ్చి, ఆ పూల పిచ్చితోని ఇల్లు గుల్ల జేస్తున్నవ్ అని నన్నే తిట్టింది.

ఆయన కూడా ఖాళీ గోనె సంచులు తెచ్చి పందిరి మీద పరిచాడు. ఎందుకు అంటే, పందెం పందెమే గానీ కండ్ల ముంగట సస్తుంటే సూడబుద్ధి గాదు అన్నాడు. ఇలాంటప్పుడే ఈయన మీద కోపం నిలబెట్టుకోవడం కష్టం.

మే 6

కొమ్మలు చివర్ల నుంచి నల్లబడుతున్నాయి. నలుపు కిందికి దిగుతోంది. కత్తెరతో నలుపు తీసేస్తే, మర్నాటికి ఇంకాస్త దిగుతోంది. వైష్ణవి ఏడో తరగతి పాసైంది. ఆ పిల్ల నన్ను ఏమీ అడగదు. పొద్దున లేవగానే ముందు గులాబీల దగ్గరికి పోయి చూసి వస్తుంది. తిరిగొచ్చిన మొహం చూస్తే నాకు సంగతి తెలిసిపోతుంది.

మే 13, మధ్యాహ్నం

ఒక్క పచ్చటి పుల్ల లేదు.

మే 14

పీకేసి పొయ్యిల వెట్టు అంది అత్త. పీకను. పీకితే ఓడిపోయినట్టు. పీకకపోతే ఇంకా ఓడలేదు. మిరుగం రాలేదు కదా. ఎండుపుల్లలకు నీళ్లు పోసే పిచ్చిదాన్ని అనుకోండి, ఏమైనా అనుకోండి. సాయంత్రం మళ్లీ పోశాను.

మే 28

మొన్న ఒక జల్లు పడింది. ఇవాళ పొట్టు పక్కకు జరిపి చూశాను. మొదట్లో, మట్టిని ఆనుకుని, ఎర్రగా, గోరంత మొలక. పక్క మొక్కకూ ఉంది. దాని పక్కదానికీ. పరుగెత్తాను. చెప్పు తెగింది. ఇంట్లో ఎవరూ లేరు. గేదెకు చెప్పాను.

జూన్ 8

మిరుగం. ఆయన చేయి పట్టుకుని లాక్కుపోయి చూపించాను. జానెడు కొమ్మలు, నిండా ఆకులు. అటు తిరిగి ఇటు తిరిగి చూశాడు. మొండిదానివే అన్నాడు. మరి పిల్ల అన్నాను. మాటంటే మాటనే, పంపు బడికి అన్నాడు. మొహం మాత్రం మందు పడని పత్తిచేనులా ఉంది.

జూన్ 13

వైష్ణవి ఎనిమిదో తరగతిలో కూర్చుంది. నేను ఆగిపోయిన క్లాసు.

జూలై 1

పూశాయి. కానీ ఎర్రవి కాదు. గులాబీ రంగు, చిన్నవి, గుత్తులు గుత్తులుగా. ఆకు కూడా వేరుగా ఉంది. కొమ్మ సన్నగా పైకి పాకుతోంది. వాసన మాత్రం, చెక్క దాటి తోవ దాకా వస్తోంది. ఆ ఎర్ర పూలకు వాసనే లేదని ఇప్పుడు గుర్తొస్తోంది.

నేను నాటింది ఇది కాదు. ఎవరికీ చెప్పలేదు.

జూలై 10

మహేశ్వర్ వచ్చాడు, సీడు చేను చూడటానికి. బోరు దగ్గర కాళ్లు కడుక్కుంటూ గులాబీలు చూశాడు. నవ్వాడు. వదినా, నర్సరోళ్లు మొండి గులాబీ వేరు మీద ఎర్ర గులాబీ కన్ను పెట్టి అంటు గడతరు, పైన అంటు సచ్చిపోయింది, కింద ఉన్న మొండిది లేసింది, ఇది కల్తీ, మన చేన్ల అయితే ఒక్క గడియ ఉంచుతమా అన్నాడు.

కల్తీ అన్న మాట చెవిన పడితే సీడు రైతు చేయి ఆగదు. చేన్లో తేడా మొక్క కనిపిస్తే మాట్లాడుతూనే వంగి పీకేస్తారు. ఒక్క కల్తీ మొక్కతో విత్తనమంతా ఫెయిల్ అవుతుందని భయం. మా ఆయన కూడా మహేశ్వర్‌తో మాట్లాడుతూనే వంగాడు. రెండు చేతులతో మొదలు పట్టి గుంజాడు.

పత్తికి ముళ్లు ఉండవు. ఆ సంగతి ఆయన చేతులు మరిచిపోయాయి.

ఊరంతా వినేలా అరిచాడు. ముళ్లు లోపల విరిగిపోయాయి. అత్త పిన్నీసుతో తీస్తూ, పసుపు అద్దుతూ కొడుకును తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆఖరుకు, పూసే చెట్టును పీకనీకె నీకు చేతులెట్ల వచ్చినయిరా అంది. నవ్వు ఆపుకోవడానికే నా బలమంతా సరిపోయింది.

జూలై 11

నవ్వు నిన్నటితో అయిపోయింది. చేతులకు కట్టుతో కూర్చుని ఆయన అన్నాడు: నువ్ నాటిన గులాబీ సచ్చింది, పందెం నువ్ ఓడినవ్, వైష్ణవి క్రాసింగ్‌కు వస్తది. మహేశ్వర్‌కు ఇంటి మనుషుల లెక్కలో పిల్లను కూడా కలిపి చెప్పేశాడట. మాట పోతదట. నాకిచ్చిన మాట మాత్రం పోవచ్చు.

నిజం రాయాలి. సీడు చేన్లో అయితే నేనే ముందు పీకేదాన్ని. ఎన్ని పీకానో. ఒక్కదాని మీదా జాలి పడలేదు. కానీ ఇది సీడు చేను కాదు. ఎండకు ఆ అందమైన ఎరుపు మాడిపోయింది. ఇది నిలబడింది. నిలబడినదాన్ని కల్తీ అని పేరు పెట్టి పీకుతారా? నా చెక్కలో ఏది అసలో ఏది కల్తీయో నేను చెబుతాను. మహేశ్వర్ కాదు, దశరథం కాదు.

ఆయన పీకిన మొక్కను మళ్లీ నాటాను.

జూలై 18

గద్వాల పోయాను, బుట్టనిండా ఆ పూలతోనే. కల్తీవట, తీసుకుంటవా అని రుక్కమ్మను ముందే అడిగాను. రుక్కమ్మ ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. వాసన గులాబీ గదనే, దండకు ఇదే మంచిగుంటది, రోజూ దే అంది. రోజూ తెస్త అన్నాను. పక్క ఊరి ఆమెతో క్రాసింగ్ కైకిలికి మాట్లాడి వచ్చాను. వైష్ణవికి బదులు.

ఆయనకు చెప్పాను. ఇను, పరాయి మనిషి మొగ్గలు నలుపుతది, ఇంటి పిల్లోలె జేస్తదా అన్నాడు. అంటే పందెం ఏనాడూ గులాబీల మీద కాదు.

జూలై 27

ముసురు. ఆగితే ఉక్క. చీర ఒంటికి అంటుకుంటోంది. ఆకుల మీద నల్లమచ్చలు, చుట్టూ పసుపు. మచ్చ పడ్డ ఆకులు కోసి దూరంగా కాల్చాను. గాలి ఆడాలని నడిమి కొమ్మలు తీసేశాను. సగం ఆకు పోయింది. అయినా పూస్తున్నాయి. వీటి పొగరు నాకు నచ్చింది.

ఊళ్లో ఆడవాళ్లందరూ గోళ్లు పెంచుతున్నారు. క్రాసింగ్ ముందు బొటనవేలి గోరు కత్తిరించుకోరు. నాదీ పెరిగింది. అత్త ఏటా అందరి గోళ్లూ పట్టి చూస్తుంది. ఇవాళ వైష్ణవి వేలు చేతిలోకి తీసుకుంది. మంచిగుంది అంది. పిల్ల వేలు మాత్రం చాలాసేపు వదల్లేదు.

ఆగస్టు 4

చేను నిండా మొగ్గ. ఎల్లుండి మొదలు అన్నాడాయన. వైష్ణవికి టీసీ తీసుకోనవసరం లేదట, పేరు బడిలోనే ఉంటదట, పిల్ల మాత్రం చేన్ల ఉంటదట. ఎంత దయ.

బతిమాలలేదు. పిల్ల వస్తే నేను రాను అన్నాను. నవ్వాడు. నువ్ రాక యాడికి పోతవ్ అన్నాడు. ఆ చేన్లో వరస పట్టేది నేను. కూలి ఆడవాళ్లను కూడగట్టేది నేను. నాకన్నా వేగంగా మొగ్గ ఒలిచేవాళ్లు ఈ చుట్టుపక్కల లేరని మహేశ్వరే అంటాడు. అన్నీ తెలిసి నవ్వాడు. నా చేతులు తన మాటే వింటాయని ఆయన ధీమా. గులాబీ మొగ్గ సంగతి ఆయనకూ గుర్తుంది మరి.

ఆగస్టు 5

పూలు కోసే కత్తెర తీసుకున్నాను. ఆయన ఎదురుగానే, గడప మీద కూర్చున్నాను. కుడి బొటనవేలి గోరు కత్తిరించాను. మాంసం దాకా. తర్వాత ఎడమది. వైష్ణవిని పిలిచాను. అది పరుగున వచ్చి రెండు చేతులూ చాచింది. దానివీ కత్తిరించాను.

ఆయన లేచి నిలబడ్డాడు. ఏం జేసినవే, పిచ్చి లేసిందా, గోరు రానీకె నెల వడ్తది అన్నాడు. తెలుసు. మొగ్గ నెల ఆగదని కూడా తెలుసు.

పిల్ల చదువుకు పోతది, నా గోరు పెరిగినంక నేను వస్త, అప్పటిదాంక ఆ పక్క ఊరామెను పిల్చుకో, గులాబీల పైసలతోని కైకిలి నేనిస్త అన్నాను. ఆయన బయటికి పోయాడు. మోటార్ సైకిల్ చాలాసేపు స్టార్ట్ కాలేదు.

గోరు ముక్కలు ఏరి గులాబీ మొదట్లో వేశాను.

ఆగస్టు 6

పొద్దున్నే పూలు కోస్తుంటే అత్త వచ్చింది. ఒడ్డు మీద నా పక్కన కూర్చుని, కుడిచేయి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. బొటనవేలు పైకి. కత్తెర కడిగి తెచ్చాను. మా ముగ్గురిలోకీ ఆమె గోరే గట్టిది. తెగడానికి చాలాసేపు పట్టింది.